తెరచాప పడవకు రేషన్ లెక్క
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి కాను. చదివింది ఇంటర్మీడియట్. 1985లో ఆర్మీ సర్వీస్ కోర్‌లో సిపాయిగా చేరి, 2013లో సుబేదార్‌గా ఇంటికి వచ్చాను. ఇరవై ఎనిమిదేళ్ళు బియ్యం, పప్పు, నూనె, కిరసనాయిలు లెక్కపెట్టడమే నా పని. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, మీరు మెక్సికోలో పడవ ప్రయాణం చేసి వచ్చారట, మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు, రేపు ఎవరికైనా పనికొస్తుంది, చెప్పండి" అన్నారు. సరే అన్నాను. అందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. అది చెప్పడానికే ఒప్పుకున్నానని అనుకోండి.

మా అమ్మాయి, అల్లుడు శాన్‌డియాగోలో ఉంటారు. మా అల్లుడు అక్కడ తెరచాప పడవ నడపడం నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకున్నాడు. 2024 మార్చిలో మేమిద్దరం వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు, "మావయ్యగారూ, మెక్సికోలో లాపాజ్ అనే ఊళ్ళో వారం రోజులకి పడవ అద్దెకు తీసుకుందాం. నౌకరు ఉండడు, వంటవాడు ఉండడు. మనమే నడుపుకోవాలి, మనమే వండుకోవాలి" అన్నాడు. అతని స్నేహితుడు, ఆ అబ్బాయి భార్య కూడా వస్తామన్నారు. మొత్తం ఆరుగురం. రేషన్ బాధ్యత నాది అని నేనే చెయ్యెత్తాను. పాత అలవాటు.

సముద్రం నేవీ వాళ్ళది, మనకెందుకు అనుకోకండి. మన ఆర్మీ ఇంజినీర్లు 1985 నుంచి 1987 వరకు త్రిష్ణ అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టి వచ్చారు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఐఎన్‌ఎస్‌వి తారిణి మీద ఆరుగురు నేవీ ఆడపిల్లలు భూమిని చుట్టి వచ్చారు. వాళ్ళల్లో ఇద్దరు మన తెలుగు పిల్లలు, ఒకరు విశాఖ, ఒకరు హైదరాబాద్. సికింద్రాబాద్‌లో పనిచేసినవాళ్ళు హుస్సేన్‌సాగర్‌లో మన ఫౌజీలు తెరచాపలెత్తడం చూసే ఉంటారు. వాళ్ళ ముందు మాది పిక్నిక్కే. కానీ పిక్నిక్‌కైనా ప్లాన్ ఉండాలి.

ముందు ఏరియా సంగతి. మెక్సికోకి పడమటి పక్కన బాజా కాలిఫోర్నియా అని పొడుగాటి ద్వీపకల్పం ఉంది. దానికీ అసలు దేశానికీ నడుమ ఉన్న సముద్రాన్ని కోర్టెజ్ సముద్రం అంటారు. లాపాజ్ ఆ ద్వీపకల్పం దక్షిణ రాష్ట్రానికి రాజధాని. ఊరికి ఉత్తరంగా ఎస్పిరిటు సాంటో, పార్తీదా అనే జంట దీవులు, ఇంకా పైన శాన్‌ఫ్రాన్సిస్కో అనే చిన్న దీవి ఉన్నాయి. ఎర్ర కొండలు, నిలువెత్తు బ్రహ్మజెముడు లాంటి చెట్లు, కింద ఆకుపచ్చ నీళ్ళు. ఈ సముద్రంలోని దీవుల్ని 2005లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. చూడ్డానికి స్వర్గం. కానీ ఆ దీవుల మీద కొట్టు లేదు, కొనుక్కోవడానికి మంచినీళ్ళు లేవు. అంటే మనకి తెలిసిన భాషలో ఫార్వర్డ్ పోస్టు. లేహ్‌లో పనిచేసినప్పుడు జోజీలా మూసుకుపోయేలోగా చలికాలం సరుకంతా పైకి చేర్చేవాళ్ళం. ఇక్కడా అదే సూత్రం. రేవు వదిలాక మన దగ్గర ఉన్నదే ఉన్నది.

రెండోది కాలం. ఆ వైపు తుఫానుల కాలం మే సగం నుంచి నవంబరు దాకా. 2014 సెప్టెంబరులో ఒడీల్ అనే తుఫాను వచ్చి లాపాజ్ రేవులో పడవల్ని ముంచేసింది. కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అద్దె చవకగా వస్తుందని వెళ్ళకండి. చలికాలంలో ఉత్తరం గాలి ఒక్కొక్కసారి రెండు మూడు రోజులు వదలకుండా కొడుతుంది. ఎండాకాలం సాయంత్రాలు నైరుతి నుంచి కొరొమ్వెల్ అని ఒక గాలి వస్తుంది. అది వచ్చినప్పుడు దీవుల పడమటి ఖాతాల్లో రాత్రి నిద్ర ఉండదు. ఏ నెలలో వెళ్ళినా ఏదో ఒక గాలి ఉంటుంది. ఆ గాలికి ఏ ఖాతంలో చాటు దొరుకుతుందో ముందే మ్యాపు మీద గుర్తు పెట్టుకోవాలి. ఇదే రెక్కీ.

మూడోది కాగితాలు. మనది భారతీయ పాస్‌పోర్టు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అడగరు. అయితే అది మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి, తిరిగి అమెరికాలో అడుగు పెట్టాలి కదా. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు మెక్సికో రాయబార కార్యాలయం వారి దగ్గర మళ్ళీ సరిచూసుకోండి. సర్వీసులో ఉన్నవాళ్ళు విదేశీ ప్రయాణానికి డిపార్టుమెంటు అనుమతి తీసుకోకుండా టికెట్ కొనవద్దు. మన ఈసీహెచ్‌ఎస్ కార్డు అక్కడ చెల్లదు, ప్రయాణ ఇన్సూరెన్సు తప్పనిసరి. మేము శాన్‌డియాగో వైపు నుంచి వంతెన మీద నడిచి నేరుగా తిహువానా విమానాశ్రయంలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి లాపాజ్ విమానం ఎక్కాం.

పడవ అద్దెకిచ్చేవాళ్ళు, నడిపేవాడికి ఎంత అనుభవం ఉందో రాసివ్వమంటారు. చాలదనుకుంటే ఒక నావికుణ్ణి పెట్టుకోమంటారు. అలా అంటే పరువు తక్కువ అనుకోకండి, పెట్టుకోండి. ఖర్చు లెక్క వేసేటప్పుడు అద్దె ఒక్కటే చూడకూడదు. డిపాజిట్టు, దానికి ఇన్సూరెన్సు, డీజిలు, రేవు ఛార్జీలు, దీవుల పార్కు రుసుము, తిండి, ఇవన్నీ విడివిడిగా రాసుకోవాలి. గాలం వేసే ఉద్దేశం ఉంటే మనిషి మనిషికీ చేపల లైసెన్సు కావాలి. దీవుల్లో ఏటీఎం ఉండదు, చేతిలో కొంత పెసోలు ఉంచుకోవాలి.

పడవ అప్పగించేటప్పుడు మన డిపోలో వాహనం హ్యాండోవర్ తీసుకున్నట్టే ప్రతీదీ చూసుకోవాలి. తలా ఒక లైఫ్ జాకెట్ సరిపోతుందా, మంటలార్పే సిలిండరు తేదీ ఎంత, నీళ్ళు తోడే పంపు పనిచేస్తోందా, లంగరు గొలుసు ఎంత పొడవు, రేడియో మాట్లాడుతోందా. రేడియోలో ఆపదకి పిలవాల్సింది 16వ ఛానెల్. ఇది ఒక్కడికి తెలిస్తే చాలదు, ఆరుగురికీ నేర్పించాను. మా ఆవిడ చేత కూడా రెండుసార్లు చెప్పించాను.

ఇప్పుడు నా సబ్జెక్టుకి వస్తాను. పడవలో ఉండేది 7 రోజులు. గాలి ఆపేస్తే రిజర్వు 2 రోజులు. మొత్తం 9 రోజులు, ఆరుగురు, అంటే 54 మ్యాన్-డేలు. ఈ 54 అనే అంకె రాసుకుంటే మిగతాదంతా గుణకారమే. మనిషికి రోజుకు బియ్యం 200 గ్రాములు, అంటే సుమారు 11 కిలోలు. రొట్టెలు కూడా ఉంటాయి కాబట్టి 8 కిలోలకి తగ్గించాను. పప్పు 60 గ్రాముల చొప్పున మూడుంపావు కిలోలు. గుడ్లు రోజుకొకటి చొప్పున 54, అయిదు డజన్లు కొన్నాను.

నీళ్ళది పెద్ద లెక్క. మాది కనిగిరి వైపు. నీళ్ళ విలువ నాకు ఫౌజు నేర్పలేదు, మా ఊరు నేర్పింది. తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్లు, 54తో గుణిస్తే 162. అక్కడ 20 లీటర్ల క్యాన్లు దొరుకుతాయి, గరఫోన్ అంటారు. ఎనిమిది క్యాన్లు తీసుకున్నాం. పడవ ట్యాంకులో 450 లీటర్లు. తొమ్మిది రోజులకి పంచితే రోజుకు 50, మనిషికి ఎనిమిది లీటర్లు. వంట, కడుక్కోవడం, స్నానం అన్నీ అందులోనే. స్నానం సముద్రంలో చేసి, పైన ఒక చెంబెడు మంచినీళ్ళు పోసుకోవాలి. గిన్నెలు ఉప్పునీళ్ళతో తోమి చివర్న మంచినీళ్ళతో తొలవాలి. ఎనిమిది క్యాన్లు చూసి మా అల్లుడు, "మావయ్యగారూ, ఇది సెలవండీ, యుద్ధం కాదు" అన్నాడు. "నీళ్ళకి ఆ తేడా తెలీదు బాబూ" అన్నాను.

సరుకు కొనడానికి లాపాజ్‌లో పెద్ద సూపర్ మార్కెట్లూ ఉన్నాయి, పాత బజారూ ఉంది. మన తిండికి అక్కడ ఏ ఇబ్బందీ లేదు. బియ్యం, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, నిమ్మకాయలు, చింతపండు అన్నీ దొరికాయి. మసూరు పప్పుని లెంతేహా అంటారు. మిరపకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది మన దేశానికి వచ్చిందే ఆ వైపు నుంచి. టమాటా, మొక్కజొన్న కూడా అంతే. వాళ్ళ తోర్తియా మన మొక్కజొన్న రొట్టెకి చెల్లెలు. ఒక కొట్లో ఎండిన ఎర్రటి పూరేకుల్లాంటివి చూశాం. హమైకా అంటారట, నీళ్ళలో మరగబెట్టి పంచదార వేసి చల్లగా తాగుతారు. మా ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, "ఏమండీ, ఇది గోంగూర పులుపండీ" అంది. నిజమే, అది ఎర్ర గోంగూర కాయ మీద ఉండే తొడిమల పొర. పచ్చి కరివేపాకు, పళ్ళు, మాంసం మాత్రం సరిహద్దు దాటించే ప్రయత్నం చెయ్యకండి. పసుపు, ఆవాలు, సీసాలో ఆవకాయ లాంటివి కూడా ఉన్నాయని ముందే కస్టమ్స్ వారికి చెప్పెయ్యండి.

సరుకు ఎక్కించేటప్పుడు అట్టపెట్టెలు రేవులోనే పారెయ్యాలి. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు ఉంటాయి, ఒకసారి పడవలోకి చేరితే పోవు. కూరగాయలు మందు చుక్కలు వేసిన నీళ్ళలో కడిగి, ఆరబెట్టి సర్దాలి. త్వరగా పాడయ్యేవి ముందు వండాలి. క్యాబేజీ, బంగాళాదుంప, ఉల్లి ఆఖరి రోజులకి. ఫ్రిజ్ బ్యాటరీని తినేస్తుంది, అందుకని రోజూ కాసేపు ఇంజను నడపాలి. ఐస్‌ని యేలో అంటారు, ఆ ఒక్క మాట నేర్చుకోండి. ప్రెషర్ కుక్కర్ తప్పక తీసుకెళ్ళండి. మూత బిగుసుకుని ఉంటుంది కాబట్టి పడవ ఊగినా తొణకదు, గ్యాసు ఆదా. మొదటి రోజు ఎవరికీ వండే ఓపిక ఉండదు, కడుపులో తిప్పుతుంది. అందుకని బయల్దేరే తెల్లవారుజామున పులిహోర కలిపి పెట్టుకున్నాం.

మూడో రోజు పొద్దున్న, అంటే శాన్‌డియాగో వదిలిన మూడో రోజు, తెరచాప ఎత్తాం. సాయంత్రానికి కలేతా పార్తీదా అనే ఖాతంలో లంగరు. లంగరు వేసేటప్పుడు లోతుకి కనీసం అయిదు రెట్లు గొలుసు వదలాలి, గాలి ఉంటే ఏడు రెట్లు. ఎప్పుడూ పొద్దు ఉండగానే చేరాలి. మర్నాడు లోస్ ఇస్లోతెస్ అనే రాళ్ళ దగ్గర సముద్ర సింహాల్ని చూశాం. జూన్ నుంచి ఆగస్టు దాకా అవి పిల్లల్ని పెట్టే కాలం, అప్పుడు నీళ్ళలో దిగనివ్వరు. ఇసుక తీరాల్లో దిగితే పాదాలు ఈడ్చుకుంటూ నడవాలి, టేకు చేపలు ఇసుకలో దాగి ఉంటాయి. దాని ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాలు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇంకో విచిత్రం తేనెటీగలు. ఆ ఎడారి దీవుల్లో వాటికి మంచినీళ్ళు ఉండవు. పడవ మీద తడి గుడ్డ ఆరేస్తే చాలు, గుంపుగా వచ్చి వాల్తాయి. వాటిదీ దాహమే కదా, కొట్టవద్దన్నాను. గుడ్డలు లోపల ఆరేశాం. చెత్త ఒక్క కాగితం కూడా దీవిలో వదలకూడదు, అంతా సంచుల్లో కట్టి వెనక్కి తెచ్చుకోవాలి.

అయిదో రోజు శాన్‌ఫ్రాన్సిస్కో దీవి చేరాం. అక్కడ కొడవలి వంపులో ఒక ఖాతం ఉంది, దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది. మర్నాడు ఎదురుగా ఉన్న శాన్ ఎవరిస్తో అనే జాలరి పల్లెకి వెళ్ళాలని ప్లాను. రాత్రి ఉత్తరం గాలి ఎత్తుకుంది. వాతావరణం కబురు ముందే చెప్పింది, అందుకే ఉత్తరానికి కొండ చాటు ఉన్న చోటు చూసుకున్నాం. అయినా తెరచాప తాళ్ళు రాత్రంతా ఈలలు వేశాయి. ఆరు, ఏడు రోజులు అక్కడే. నేను లోలోపల సంతోషించాను, నిజం చెప్పొద్దూ. నీళ్ళు ఉన్నాయి, పప్పు ఉంది, గ్యాసు ఉంది. అల్లుడు కూడా, "మీ లెక్క కరెక్టండీ" అన్నాడు. ఫౌజులో నాకు దక్కిన మెచ్చుకోళ్ళలో ఇది కూడా కలుపుకున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం నుంచి మా ఆవిడ తల తిరుగుతోందని పడుకుంది. సముద్రపు వికారం అనుకున్నాం. అవోమిన్ మాత్ర ఇచ్చాను, అల్లం ముక్క ఇచ్చాను. ఏడో రోజు కూడా లేవలేదు. తలనొప్పి అంది. నేను ఆమె సంచిలో అమృతాంజనం కోసం వెదుకుతుంటే బీపీ మాత్రల స్ట్రిప్ దొరికింది. అందులో ఒక మాత్ర సగానికి విరిచి, మిగతా సగం మళ్ళీ ఆ రేకులోనే మడిచి ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"మీరు ఏడు రోజులకి పెట్టుకోమన్నారు కదండీ. లాపాజ్ వచ్చాక లెక్కపెడితే చాలవనిపించింది. అందుకని మూడో రోజు నుంచి సగం వేసుకుంటున్నాను" అంది.

నాకు చెమటలు పట్టాయి. శాన్‌డియాగోలో సర్దేటప్పుడు, "మొత్తం స్ట్రిప్పులన్నీ ఎందుకు, పడవలో ఏడు రోజులే, ఏడు పెట్టుకో, బరువు తగ్గించు" అన్నది నేనే. కానీ ఇల్లు వదిలింది పడవ ఎక్కడానికి ఒక రోజు ముందు, తిరిగి ఇల్లు చేరేది పడవ దిగిన రోజు రాత్రి. రోజుకొకటి చొప్పున తొమ్మిది మాత్రలు కావాలి. బియ్యానికి, గుడ్లకి, గ్యాసుకి రెండు రోజుల రిజర్వు పెట్టిన సుబేదారు, భార్య మాత్రకి ఒక్కపూట రిజర్వు పెట్టలేదు. అదీగాక ఆమెకి చాలవని తెలిసింది లాపాజ్‌లోనే. పక్కవీధిలో మందుల షాపు ఉంది. ఎందుకు చెప్పలేదంటే, "మీరు ఆ క్యాన్ల లెక్కలో ఉన్నారు. అల్లుడి ముందు మీ లెక్క తప్పిందని చెప్పడం ఎందుకని" అంది.

మిత్రులారా, ఇరవై ఎనిమిదేళ్ళు ఆవిడ ఇలాగే సర్దుకుందని నాకు అప్పుడు అర్థమైంది. నేను ఇంటికి పంపే మనియార్డరు ఆలస్యమైనా, సెలవు రద్దయినా, పిల్లకి జ్వరం వచ్చినా, సగం సగం చేసుకుని గడిపింది. నాకు మాత్రం ఉత్తరంలో "ఇక్కడ అంతా క్షేమం" అని రాసేది. నేను నమ్మేవాణ్ణి. సప్లైలో ఉన్నవాడు ఎదుటివాడి "సరిపోయింది" అనే మాటని నమ్మకూడదు, స్టాకు లెక్కపెట్టి చూడాలి. ఇంట్లో నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

అందరికీ చెప్పాను. మా అమ్మాయి నన్ను ఏమీ అనలేదు. "నాన్నా" అని ఊరుకుంది. అది చాలదా. అల్లుడు ఇన్సూరెన్సు ఇచ్చిన డాక్టరు నంబరుకి ఫోన్ చెయ్యాలని చూశాడు, అక్కడ సిగ్నల్ లేదు. అప్పటికప్పుడు బయల్దేరదామా అంటే, ఆ గాలిలో రాత్రిపూట ఆరుగుర్నీ ఆపదలో పెట్టడం అవుతుంది. ఛాతీ నొప్పి గానీ, మాట తడబడటం గానీ, కాలూచెయ్యీ లాగడం గానీ కనిపిస్తే 16వ ఛానెల్‌లో వెంటనే పిలవాలని నిర్ణయించాం. రాత్రంతా రెండేసి గంటలు వంతులవారీగా ఆమె పక్కన కూర్చున్నాం. మన సంతరీ డ్యూటీ లాగే. తెల్లవారుజామున గాలి నెమ్మదించింది. పొద్దు పొడవగానే లంగరు ఎత్తి, వెనక గాలి, ఇంజను రెండూ వాడి, ఎక్కడా ఆగకుండా సాయంత్రానికి లాపాజ్ చేరాం.

ఆ ఊళ్ళో చాలా మందుల షాపుల పక్కనే ఒక చిన్న గదిలో డాక్టరు ఉంటారు. మమ్మల్ని చూసిన డాక్టరమ్మ కొంచెం ఇంగ్లీషు, మిగతాది సైగలు. బీపీ 170కి 100 ఉంది. పాత స్ట్రిప్ మీద మందు పేరు ఉంది కాబట్టి అదే మందు ఇచ్చింది, గంటసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. ఆ రాత్రి తగ్గింది. మర్నాడు విమానం ఎక్కడానికి ఫరవాలేదంది. ఆ చిన్న రేకు ముక్క పారెయ్యకుండా ఉంచినందుకు బతికిపోయాం. అందుకే మందు కంపెనీ పేరు కాదు, అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి.

ఈ ప్రయాణం నుంచి నేను తెచ్చుకున్న ఎస్‌ఓపీ ఇది. రోజులు లెక్కపెట్టేటప్పుడు పడవ ఎక్కినప్పట్నుంచి కాదు, ఇంటి గుమ్మం నుంచి మళ్ళీ ఇంటి గుమ్మం దాకా లెక్కపెట్టాలి. రిజర్వు ముందు మందులకి, తర్వాత నీళ్ళకి, ఆ తర్వాత తిండికి. మందులు రెండు సంచుల్లో విడివిడిగా ఉండాలి. ప్రతి రాత్రీ భోజనాలయ్యాక అందరూ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నీళ్ళు ఎన్ని ఉన్నాయి, రేపు గాలి ఎటు, ఎవరికి ఏమి తక్కువైంది? ఈ మూడో ప్రశ్న నేను వెయ్యలేదు. ఇంకో మాట, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి. పడవ గడువుకి అప్పగించాలన్న తొందరలోనే మనుషులు చెడ్డ గాలిలో బయల్దేరతారు.

మళ్ళీ వెళ్తారా అని అడగొచ్చు. వెళ్తాం. శాన్ ఎవరిస్తో చూడకుండా వచ్చేశామని మా ఆవిడే అంటూ ఉంటుంది. ఆవిడ ఇప్పుడు ఆ మూడో వరసలో కూర్చుని ఉంది. రాత్రి ఈ కాగితాలు చదివి వినిపిస్తే, "నా సంగతి అంత పొడుగ్గా రాయాలా" అంది. రాయాలి. ఈసారి కిట్ లిస్టు ఆవిడ రాస్తుంది, నేను సంతకం పెడతాను.

 ఇవాళ ఇంటికెళ్ళాక, ఇంట్లోవాళ్ళ మాత్రల డబ్బా ఒకసారి తెరిచి లెక్కపెట్టండి.

జై హింద్.